ఈ నీలిరంగు జాడీ చైనా చక్రవర్తి కాంగ్‌షీ కాలానిదేనా?

చైనా పింగాణీ గురించి తెలిసినవాళ్లు కాస్త సాయం చేయండి. లండన్‌లో ఒక పాత సామాన్ల షాపులో మూత ఉన్న అల్లం జాడీ చూశాను. ముదురు నీలం మీద మంచు పగిలినట్టు గీతలు, మధ్యలో తెల్లగా వదిలేసిన ప్లమ్ పూలు. చలి పోయి వసంతం వస్తోందని దాని అర్థమట. ఎంత బాగుందో! కళ్లు తిప్పుకోలేకపోయాను.

అడుగున నాలుగు చైనా అక్షరాల్లో కాంగ్‌షీ చక్రవర్తి ముద్ర ఉంది. ఆయన పాలన 1662 నుంచి 1722 వరకు. కానీ 19వ శతాబ్దంలో చేసిన జాడీల మీద కూడా ఇదే ముద్ర వేసేవారని చదివాను, అదే టెన్షన్. ముద్రను పక్కనపెట్టి, నీలం ఛాయ, అడుగు అంచున మెరుపు పూత లేని మట్టి చూసి కాలం ఎలా గుర్తుపట్టాలి? షాపువాళ్లను ఏ ఫొటోలు అడగాలి?