ఫ్రిజ్ చల్లబడటం లేదు, గ్యాస్ నింపించాలా?

గోదావరి గట్టు: ఉదయం నుంచి ఈ ఫ్రిజ్‌తోనే సరిపోయింది, ఇంకో పని ముట్టుకోలేదు. రాత్రి కాచి పెట్టిన పాలు తెల్లవారేసరికి విరిగిపోయాయి, దోసెల పిండి పొంగి గిన్నె అంచు దాటి కింది అరలోకి కారింది. రెండు నాబ్‌లనూ చివరి అంకెకు తిప్పి గంటలు గడిచినా మార్పు లేదు. మెకానిక్‌కు ఫోను చేస్తే, చూడకుండానే గ్యాస్ అయిపోయిందన్నాడు. ఈ ఎండల్లో ఫ్రిజ్ లేకుండా గడవదు. గ్యాస్ నింపించాలా, వద్దా? తెలిసినవారు దయచేసి చెప్పండి.

కృష్ణాతీరం: సింగిల్ డోరా, డబుల్ డోరా? ఫ్రీజర్ గడ్డ కడుతోందా, లేదా? ఇవి చెప్పకుండా ఎవరూ జవాబు ఇవ్వలేరు.

పాలమూరు వాసి: గ్యాస్ సంగతి తరువాత, ముందు మీకు స్టెబిలైజర్ ఉందో లేదో చెప్పండి. వేసవి సాయంత్రాల్లో వోల్టేజి పడిపోయినప్పుడు కంప్రెసర్ మోటారు తిరగలేక ఎక్కువ కరెంటు లాగి వేడెక్కుతుంది. కరెంటు పోయి వెంటనే వచ్చినా ప్రమాదమే, ఎందుకంటే ఆగిన కంప్రెసర్‌లో ఒకవైపు ఎక్కువ పీడనం, మరోవైపు తక్కువ పీడనం ఉండగానే మోటారు మళ్లీ కదలవలసి వస్తుంది. ఆ రెండూ సమం కావడానికి కొన్ని నిమిషాలు పడుతుంది కాబట్టే మంచి స్టెబిలైజర్లు కరెంటు వచ్చాక కాసేపు ఆగి సరఫరా ఇస్తాయి. ఈ విషయాన్ని మన ఇళ్లలో ఎవరూ పట్టించుకోరు.

గోదావరి గట్టు: స్టెబిలైజర్ ఉందండీ. మాది డబుల్ డోర్, ఫ్రాస్ట్ ఫ్రీ. ఫ్రీజర్‌లో ఐసు బాగానే కడుతోంది, ఇబ్బంది అంతా కింది భాగంలోనే. ఫ్రీజర్ నిండా కొబ్బరి తురుము, చింతపండు గుజ్జు, బఠాణీ పొట్లాలు ఉన్నాయి. వాటి వెనక గోడమీద తెల్లగా మంచు పేరుకుని ఉంది.

కృష్ణాతీరం: అది మొదటే చెప్పవలసిన విషయం. గ్యాస్ కాదు.

సింగరేణి టెక్నీషియన్: ఆ మంచే అసలు సంగతి చెబుతోంది. ఫ్రాస్ట్ ఫ్రీ ఫ్రిజ్‌లో చల్లబరిచే కాయిల్ ఫ్రీజర్ వెనక గోడ లోపల ఉంటుంది. దాని మీదుగా చిన్న ఫ్యాన్ గాలిని లాగి కొంత ఫ్రీజర్‌లోకి, కొంత సన్నని దారి గుండా కింది అరల్లోకి పంపుతుంది. కాయిల్‌కు పట్టే మంచును ఒక హీటరు అప్పుడప్పుడు కరిగిస్తే, ఆ నీరు వెనక ట్రేలోకి చేరి కంప్రెసర్ వేడికి ఆవిరైపోతుంది. హీటరో, దాన్ని నడిపే టైమరో, సెన్సారో పనిచేయకపోతే కాయిల్ మంచుతో పూడుకుపోయి గాలి కదలదు; అప్పుడు ఫ్రీజర్ ఇంకా గడ్డ కడుతూనే ఉన్నా కింద పాలు విరుగుతాయి. ఇక నాబ్‌ల మాట: చాలా మోడళ్లలో ఫ్రీజర్‌లోని నాబ్ గాలి పంపకాన్ని మాత్రమే మారుస్తుంది, కాబట్టి దాన్ని చివరికి తిప్పితే కిందికి వెళ్లే చల్లగాలి ఇంకా తగ్గుతుంది. దాన్ని మధ్యకు తెచ్చి, పొట్లాలను గాలి రంధ్రాలకు ఎడంగా సర్దండి.

తుంగభద్ర: గ్యాస్ కానే కాదని అంత గట్టిగా ఎలా అంటారు? కొద్దికొద్దిగా లీకైనా ముందు కింది భాగమే వేడెక్కుతుంది.

సింగరేణి టెక్నీషియన్: మీరన్నది నిజమే, అయితే తేడా కాయిల్ మీద కనిపిస్తుంది. గ్యాస్ తగ్గితే గ్యాస్ వచ్చే మొదటి మలుపుల్లోనే మంచు పట్టి మిగతా కాయిల్ బోసిగా ఉంటుంది. హీటరు చెడితే అంతటా మందంగా పడుతుంది. పైగా గ్యాస్ వాడకంతో అయిపోయేది కాదు, మూసిన గొట్టాల్లో తిరుగుతూ ఉండేది. తగ్గిందంటే ఎక్కడో లీకు ఉన్నట్టే, ఆ లీకు పట్టకుండా నింపితే డబ్బు దండగ. కొత్త ఫ్రిజ్‌లలో చాలావాటిలో వాడే ఆర్600ఎ మండే వాయువు, కాబట్టి తెలియనివారి చేత ఆ పని చేయించవద్దు.

ప్రస్తుతానికి ఫ్రిజ్ ఖాళీ చేసి, ప్లగ్ తీసి, తలుపులు తెరిచి ఒక రోజంతా వదిలేయండి. చాకుతో మంచు గీకవద్దు, కాయిల్‌కు చిల్లు పడితే బాగుచేయడం కష్టం. మళ్లీ పెట్టాక కొన్నాళ్లు చక్కగా నడిచి తిరిగి ఇదే పరిస్థితి వస్తే, మంచు కరిగించే భాగాల్లోనే లోపమని నమ్మవచ్చు. మధ్య అరలో గ్లాసు నీళ్లలో థర్మామీటరు ఉంచి రాత్రంతా వదిలితే పొద్దున 4 డిగ్రీల దగ్గర చూపాలి. ఫ్రీజర్‌కు మైనస్ 18 సరిపోతుంది.

పాలమూరు వాసి: తలుపు రబ్బరు కూడా చూడాలి. కాగితం ముక్క తలుపు సందులో పెట్టి మూసి లాగితే తేలిగ్గా జారి వస్తే, ఆ సందులోంచి తేమ గాలి లోపలికి పోతూ ఉంటుంది, మంచుకు అదీ కారణమే.

గోదావరి గట్టు: సామాన్లు పక్కింటి ఫ్రిజ్‌లో పెట్టించి ప్లగ్ తీశాను. కాగితం గట్టిగానే పట్టుకుంది. మెకానిక్‌ను హీటరు చూడమంటాను. ధన్యవాదాలు.