1969 క్వీన్స్ మంచు: మేయర్ పక్షపాతమా, మూలపడ్డ బండ్లా?

క్వీన్స్ పాతకాపు:
1969 ఫిబ్రవరి 9, ఆదివారం. న్యూయార్క్ సెంట్రల్ పార్క్‌లో 15 అంగుళాల మంచు పడింది. నగరంలో 42 మంది చనిపోయారు, వాళ్లలో దాదాపు సగం మంది నగరంలోని ఒక బరో (పాలనా విభాగం) అయిన క్వీన్స్‌ వాళ్లే. నగరం నడిబొడ్డున ఉన్న మన్‌హాటన్‌ తేరుకున్నాక కూడా క్వీన్స్ వీధులు రోజుల తరబడి మంచు తోసే ప్లౌ బండి మొహం చూడలేదు. మేయర్ జాన్ లిండ్సే చూడ్డానికొస్తే రెగో పార్క్‌లో ఆయన కారే ఇరుక్కుపోయింది. జనం మొహం మీదే తిట్టారు. నోబెల్ శాంతి బహుమతి అందుకున్న రాల్ఫ్ బంచ్ ఇల్లూ క్వీన్స్‌లోనే. ఇంత నిర్లక్ష్యం ఎన్నడూ చూడలేదని ఆయనే మేయర్‌కి టెలిగ్రాం కొట్టాడు. ఇది పక్షపాతమే అంటాను. కాదనేవాళ్లు చెప్పండి.

ఇంజిన్ ఆయిల్:
కాదండి. బండ్లు ఉండి పంపకపోతే పక్షపాతం. మంచు తీసే యంత్రాల్లో దాదాపు 40 శాతం రిపేరుకొచ్చి మూలనపడి ఉన్నాయి. అంత మంచు పడుతుందని వాతావరణ శాఖ చెప్పలేదు, పైగా ఆదివారం. మీరు సెంట్రల్ పార్క్ లెక్క చెప్పి కెనెడీ ఎయిర్‌పోర్ట్ లెక్క వదిలేశారు. అది క్వీన్స్‌లోనే ఉంది, అక్కడ 20 అంగుళాలు. ఎక్కువ పడ్డచోట ఎక్కువ రోజులు పట్టదా?

క్వీన్స్ పాతకాపు:
పడుతుంది. మరి నడిచే బండ్లు ముందు ఎటు వెళ్లాయి? "మెయిన్ రోడ్లు ముందు" అనే రూలు కాగితం మీద అందరికీ ఒకటే. క్వీన్స్ తూర్పున సబ్‌వే లేదు, ఇళ్లన్నీ చిన్న వీధుల్లో, కారు కదలకపోతే ఆఫీసూ లేదు, ఆసుపత్రీ లేదు. ఆ వీధుల్ని చివర్లో పెట్టడం అంటే ఆ మనుషుల్ని చివర్లో పెట్టడమే.

పాత కాగితాలు:
ఈ గొడవ లిండ్సేతో మొదలవలేదు. 19వ శతాబ్దంలో గుర్రపు ట్రామ్ కంపెనీలు తమ పట్టాల మీది మంచును పక్కకి తోసేవి. అది దుకాణాల ముందు గుట్టలు పడితే దుకాణదారులు కొట్లాటకి దిగేవాళ్లు. ఉప్పు చల్లితే గుర్రాల కాళ్లు పాడవుతాయని కొందరి గోల. మంచు మీద జారే స్లెడ్జి బండ్ల వాళ్లకైతే అసలు మంచు తీయడమే ఇష్టం లేదు. 1888 మార్చి తుఫానులో న్యూయార్క్‌లో సుమారు 200 మంది పోయారు. కూలీలు పారలతో తవ్వి, గుర్రపు బండ్లకెత్తి, నదుల్లో పోశారు. టెలిగ్రాఫ్ తీగలు భూమిలోకి వెళ్లడానికీ, 1904లో సబ్‌వే రావడానికీ ఆ దెబ్బ ఒక కారణం. ఎవరి దారి ముందు తెరవాలన్న తగువు మాత్రం భూమి పైనే ఉండిపోయింది.

చికాగో చలి:
పక్షపాతం చూడాలంటే మా ఊరు రండి. 1979 జనవరి మంచులో కొన్ని రైళ్లు నల్లజాతి వాళ్ల పేటల స్టేషన్లలో ఆగకుండా పోయాయి. ఫిబ్రవరిలో, పార్టీ అభ్యర్థిని ఎంచుకునే ప్రైమరీ ఎన్నికలో మేయర్ బిలాండిక్‌ని జేన్ బర్న్ ఓడించింది.

ఇంజిన్ ఆయిల్:
చూశారా, అక్కడ చేసిన పని కళ్లముందుంది. లిండ్సే అలాంటి ఆర్డర్ ఏమిచ్చాడు? జూన్‌లో రిపబ్లికన్ ప్రైమరీ ఓడినా, నవంబర్‌లో లిబరల్ పార్టీ తరఫున గెలిచాడు కూడా.

క్వీన్స్ పాతకాపు:
గెలిస్తే తప్పు లేనట్టేనా అన్నా? 2010 డిసెంబర్ 26న మళ్లీ 20 అంగుళాలు పడింది. మేయర్ మారాడు, ఈసారి బ్లూమ్‌బర్గ్. మన్‌హాటన్ బయటి వీధులు మళ్లీ వెనకే. కార్మికులు కావాలని నెమ్మదిగా పనిచేశారని పుకారు లేపారు, విచారణలో దానికి ఆధారం దొరకలేదు. తర్వాతే ప్లౌ ఏ వీధికి ఎప్పుడొచ్చిందో చూపించే మ్యాప్ ఇంటర్నెట్లో పెట్టారు.

ఫ్లషింగ్ గుడి పక్కన:
మీ చరిత్ర బాగుంది గానీ, నేను తవ్వుకున్న డ్రైవ్‌వే ముందే ప్లౌ వచ్చి మంచంతా పోసిపోతుంది. ఫుట్‌పాత్ మీదిది తీయడం ఇంటివాళ్ల బాధ్యతట, తీయకపోతే ఫైన్! దీనికి ఏ మేయర్‌ని తిట్టాలి?

పాత కాగితాలు:
ట్రామ్ కంపెనీని తిట్టిన దుకాణదారుల వరసలో నిలబడండి సార్.

ఇంజిన్ ఆయిల్:
పాతకాపు గారూ, ఆ మ్యాప్ లాంటిది 1969కి ఉంటే చూపించండి. నడిచే బండ్లు ఏ బరోకి ఎన్ని వెళ్లాయో తెలిస్తే మాట మార్చుకుంటా. అప్పటిదాకా షెడ్డులో పడున్న 40 శాతమే నా జవాబు.