నాన్న ట్రయల్‌లో చేరనంటున్నారు, ఎలా ఒప్పించాలి?

పెన్నా_ఒడ్డు:
మా నాన్నగారికి 76 ఏళ్లు. చాలా ఏళ్లుగా షుగర్ ఉంది, ఇప్పుడు గుండె పంపింగ్ తగ్గిందన్నారు. చూపించుకునే హాస్పిటల్లో ఏదో కొత్త మందు ట్రయల్ నడుస్తోందట, చేర్పించమన్నారు. మందు, టెస్టులు ఉచితం, దారి ఖర్చులు కూడా ఇస్తారట. నాన్న మాత్రం "నామీద ప్రయోగాలెందుకురా" అనేసి ఊరుకున్నారు. మేలు జరిగే అవకాశం పోతుందేమోనని ఒక టెన్షన్, వద్దంటే డాక్టరుగారు ఇకమీదట సరిగ్గా చూడరేమోనని ఇంకో టెన్షన్. ఎలా ఒప్పించాలి?

కోఆర్డినేటర్_హైదరాబాద్:
రెండో టెన్షన్ వదిలేయండి. చేరనన్నా, చేరి మధ్యలో మానేసినా మామూలు వైద్యం ఆగకూడదు. మందుల ట్రయల్స్ మీద కేంద్రం పెట్టిన 2019 రూల్స్‌లో ఉంది, సంతకం పెట్టే కాగితంలోనూ రాసి ఉండాలి. ఇక మేలు సంగతి, మందు పనిచేస్తుందో లేదో తెలియకే కదండీ ట్రయల్ పెట్టేది. ఆయనకి కొత్త మందు పడొచ్చు, చాలా ట్రయల్స్‌లో మందులేని ఉత్తి మాత్ర కూడా పడొచ్చు. నేనీ పనిలోనే ఉన్నాను. పెద్దవాళ్లు మందుకి భయపడి వద్దనడం నేను చూసింది తక్కువ, తిరగలేక వద్దనడమే ఎక్కువ. పరగడుపున రమ్మంటాం, రక్తం తీస్తాం, ఎకో అంటాం, మధ్యాహ్నం దాకా కూర్చోబెడతాం, తోడు రావడానికి కొడుకు సెలవు పెట్టాలి, అది అడగడం ఇష్టంలేక అసలుకే వద్దనేస్తారు. ఒప్పించడం తర్వాత, ముందు ఎందుకు వద్దో నిదానంగా అడగండి.

భద్రాద్రి_వాసి:
భయం ఉన్నా తప్పేం లేదు. మా ఖమ్మం జిల్లాలో 2009లో ఆడపిల్లలకి గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ రాకుండా టీకా వేసి చూశారు, హాస్టల్ పిల్లల తరఫున వార్డెన్లే సంతకాలు పెట్టేశారు. 2010లో ఆపేశారు. కొందరు పిల్లలు చనిపోయారు, అది టీకా వల్ల కాదని విచారణ కమిటీ చెప్పింది, కానీ అనుమతి తీసుకున్న తీరుని 2013లో పార్లమెంటు స్థాయీ సంఘం గట్టిగా తప్పుపట్టింది. ఆ టీకా మంచిదే, ఇప్పుడు ఎన్నో దేశాల్లో వేస్తున్నారు. అడగాల్సిన వాళ్లని అడక్కుండా చేస్తే మంచి పని మీద కూడా నమ్మకం పోతుంది, మా వైపు ఇప్పటికీ దాన్ని తలుచుకుంటారు.

మందుల_షాపు:
చాలా ట్రయల్స్ పెద్దవాళ్లని, కిడ్నీ దెబ్బతిన్నవాళ్లని అసలు తీసుకోవు. తీరా మందు బజారుకొచ్చాక ఎక్కువగా మింగేది వాళ్లే. వయసు పైబడితే కిడ్నీ వడపోత తగ్గి మందు ఒంట్లో ఎక్కువసేపు ఉండిపోతుంది, దానికి తోడు బీపీవి, షుగర్‌వి వేరే మాత్రలు. కాబట్టి పెద్దవాళ్లు చేరడం అవసరమే, కానీ ఆ భారం మీ నాన్నగారి మీద వేయకండి. ఇంటికొచ్చి రక్తం తీయమనండి, ఫారం పెద్ద అక్షరాల తెలుగులో ఇమ్మనండి. మారాల్సింది హాస్పిటల్ వాళ్లు.

పెన్నా_ఒడ్డు:
రాత్రి కూర్చుని అడిగాను. తిరగడం ఒక ఇబ్బందేనట, కానీ అసలు విషయం ఫారంలో నామినీ పేరు అడిగారట. "నామినీ అంటే నేను పోతాననేగా" అన్నారు. నిజంగా ఎందుకడుగుతారు?

కోఆర్డినేటర్_హైదరాబాద్:
ట్రయల్ వల్ల ప్రాణం పోతే పరిహారం ఎవరికివ్వాలో తెలియాలి కదా, అందుకు. ఆయన కుటుంబం కోసం పెట్టిన నిబంధనే, కాకపోతే మావాళ్లు చాలామంది అది వివరించకుండా ఫారం చేతిలో పెడతారు, అది మా తప్పు. ఆ పరిహారం లెక్క 8 లక్షల మొత్తం మీద వేస్తారు, వయసు పెరిగేకొద్దీ తగ్గుతుంది, రోగం తీవ్రతని బట్టి కూడా మారుతుంది. ఇదీ దాచకుండా చెప్పండి. సంతకం పెట్టకుండానే ఫారం ఇంటికి తెచ్చుకుని మీకు నమ్మకమున్న వేరే డాక్టరుకి చూపించండి. ట్రయల్ సీటీఆర్‌ఐలో, అంటే మన దేశంలో ట్రయల్స్ నమోదు చేసే ప్రభుత్వ రిజిస్టర్‌లో, నమోదైందో లేదో చూడండి, 2009 జూన్ నుంచి అది తప్పనిసరి. అంతా విన్నాక కూడా ఆయన వద్దంటే వద్దే, కారణం ఎవరికీ చెప్పనక్కర్లేదు, మీరూ మళ్లీ అడక్కండి.