పని చేస్తే భోజనం: బాన్ జోవి చేస్తున్నది సాయమా, బేరమా?

విశాఖ_గిటార్:
1986లో వచ్చిన 'స్లిప్పరీ వెన్ వెట్' క్యాసెట్ అరిగేదాకా విన్నవాణ్ణి. అది పాడిన అమెరికా రాక్ గాయకుడు జాన్ బాన్ జోవి అంటే ఇప్పటికీ ప్రాణం. అందుకే అడుగుతున్నా. ఆయన, భార్య డొరొథియా కలిసి 2011లో న్యూజెర్సీలోని రెడ్ బ్యాంక్‌లో 'సోల్ కిచెన్' అనే భోజనశాల తెరిచారు. మెనూలో ధరలుండవు. స్తోమత ఉన్నవాళ్లు తమ భోజనానికీ ఇంకొకరి భోజనానికీ కలిపి ఇస్తారు. లేనివాళ్లు అక్కడే ఏదో ఒక పని చేసిపెడతారు. ఆకలితో వచ్చినవాణ్ణి గిన్నెలు కడగమనడం నాకు మింగుడుపడటం లేదు. మన సత్రాల్లో ఊరూ పేరూ కూడా అడక్కుండా అన్నం పెట్టేవాళ్లు.

ఎడిసన్_సౌమ్య:
అన్నా, నేను రెండుసార్లు వెళ్లి వడ్డించాను. పళ్లెం పట్టుకుని వరసలో నిలబడే పని లేదు. కూర్చున్నవాళ్ల దగ్గరికి మనమే తీసుకెళ్లాలి. ముక్కూముఖం తెలియనివాళ్లు ఒకే బల్ల దగ్గర కూర్చుంటారు. ఎవరు డబ్బిచ్చారో, ఎవరు పని చేశారో వడ్డించే నాకే తెలియలేదు. 2020లో కరోనాకి వాలంటీర్లు రాలేనప్పుడు ఆ అంట్లు బాన్ జోవే తోమాడు. ఆయన చేసిన పని ఇంకొకరు చేస్తే అవమానం ఎలా అవుతుంది?

గోదారిగట్టు:
ఆయన తోమింది ఇష్టపడి, సౌమ్య గారూ. ఆకలైనవాడికి ఆ వీలెక్కడిది? అయితే ఒక మాట ఒప్పుకోవాలి. 2006 నుంచి ఆయన ఫౌండేషన్ పేదలకు ఇళ్లు కట్టడానికీ డబ్బిస్తోంది. నా దృష్టిలో అసలు మందు అదే. 2025లో న్యూజెర్సీలోనే ఉన్న టామ్స్ రివర్ అనే ఊరి గ్రంథాలయంలో సోల్ కిచెన్ భోజనం మొదలుపెడితే, ఇళ్లులేనివాళ్లు ఊళ్లోకి వచ్చిపడతారని స్థానిక నాయకులే అడ్డుచెప్పారు. అలాంటి చోట ఒక గాయకుడు వెనక్కి తగ్గకపోవడం చిన్న విషయం కాదు.

విశాఖ_గిటార్:
బాన్ జోవి పాట 'లివిన్ ఆన్ ఎ ప్రేయర్'లో టామీ రేవు కార్మికుడు, సమ్మెలో ఉన్నాడు. జీనా హోటల్లో పనిచేస్తుంది. వాళ్లయితే ఊరికే తినడానికి ఒప్పుకోరు, పని అడిగి మరీ చేస్తారు. అది నాకూ అర్థమవుతుంది. కానీ చేతకానివాళ్ల మాటేమిటి?

ఎడిసన్_సౌమ్య:
నేనున్న రోజు ఒక పెద్దాయన వచ్చారు, చేతులు వణుకుతున్నాయి. చెంచాలు న్యాప్‌కిన్లలో చుట్టి పెట్టారు. ఎన్ని చుట్టారని ఎవరూ లెక్కపెట్టలేదు. వెళ్తూ, శుక్రవారం మళ్లీ వస్తానన్నారు.

విశాఖ_గిటార్:
ఆ చెంచాలు కూడా చుట్టలేని శుక్రవారం వస్తే, అదే కుర్చీలో కూర్చోబెట్టి పెడతారా తల్లీ? పెడతారంటే నా అభ్యంతరం ఇక్కడితో వదిలేస్తా.