నెల్లూరులో 35 రోజుల సమ్మర్ క్లాసులు, హాస్టల్లోనే ఉండాలి: పాపకి ఏం పెట్టి పంపాలి?

ఆత్మకూరు_అమ్మ:
పదో తరగతికి పోబోయే పాపని ఈ సెలవుల్లో నెల్లూరులో రెసిడెన్షియల్ క్లాసులకి పంపుతున్నాం. లెక్కలు, సైన్సు. ఇల్లు వదిలి ఎప్పుడూ ఉండలేదు. వాళ్లిచ్చిన లిస్టులో పరుపు, బకెట్, ప్లేటు, గ్లాసు, అంతే. గదికి ఎనిమిది మంది, ఏసీ లేదు. అక్కడ రోజు ఎట్లా గడుస్తుంది, ఏమేం పెట్టాలి? తెలిసినవాళ్లు చెప్పండి.

పెన్నగట్టు:
అమ్మా, ఏ క్యాంపైనా తీరు దాదాపు ఒకటే. తెల్లవారి 5కి బెల్లు, 6 నుంచి స్టడీ అవర్, టిఫిన్, 8.30 నుంచి 12.30 దాకా క్లాసులు. అన్నం తిన్నాక మళ్లీ సాయంత్రం 5 వరకు. ఓ గంట ఆట, రాత్రి 9.30 దాకా స్టడీ, 10.30కి లైట్లు బంద్. అంటే నిద్ర ఆరున్నర గంటలే. ఆ వయసుకి కనీసం ఎనిమిది కావాలి. అందుకే మధ్యాహ్నం గంటన్నా పడుకోనిస్తారా అని ఫీజు కట్టకముందే అడగండి. సిలబస్ సంగతి తర్వాత.

అసలు గొడవంతా బాత్రూం దగ్గర. పొద్దున ముప్పావు గంటలో ఎనిమిది మంది అంటే మనిషికి ఐదు నిమిషాలు. స్నానం రాత్రికి మార్చుకోమనండి. అయితే మిద్దె మీద ట్యాంకు నీళ్లు ఎండకి కాగి, రాత్రి ఎనిమిదైనా వేడిగానే ఉంటాయి. పొద్దున్నే బకెట్ నింపి, మూతపెట్టి మంచం కింద పెట్టుకుంటే రాత్రికి చల్లగా దొరుకుతాయి. కాబట్టి మూత ఉన్న బకెట్టే కొనండి. బకెట్, మగ్గు, ప్లేటు అన్నిటి మీదా పెయింటుతో పేరు రాయండి. స్కెచ్ పెన్ను రెండు కడుగులకే పోతుంది.

కావలి_సిస్టరక్క:
ఆడపిల్లల్లో ముఖ్యంగా చూసేది ఇదమ్మా: క్యూలో నిలబడలేక నీళ్లు తాగడం మానేస్తారు. నాలుగో రోజుకి మూత్రంలో మంట, జ్వరం. లీటరు బాటిళ్లు రెండు పెట్టండి. మధ్యాహ్నం అన్నానికి ముందు ఒకటి ఖాళీ కావాలి. మూత్రం ముదురు పసుపుగా వస్తుంటే నీళ్లు చాలట్లేదని లెక్క.

ఓఆర్ఎస్ పొడి ప్యాకెట్లు ఆరు చాలు. పెద్ద ప్యాకెట్ మొత్తం ఒకేసారి లీటరు నీళ్లలో కలపాలి. గ్లాసులో సగం ప్యాకెట్ వేసుకుంటే ఉప్పు ఎక్కువై వాంతి వస్తుంది. కలిపినవి 24 గంటలు దాటితే పారబోయాలి.

మన దగ్గర సముద్రం గాలికి తేమ ఎక్కువ, చెమట ఆరదు. పడమటి గాలి గట్టిగా వీచే రోజు ఆ సముద్రం గాలి కూడా లోపలికి రాదు. వడదెబ్బ భయం ఆ మధ్యాహ్నాలే. వదులు నూలు బట్టలు ఆరు జతలు పెట్టండి, జీన్స్ వద్దు. చెమటకాయలకి పౌడరు దట్టంగా పూస్తే రంధ్రాలు మూసుకుపోతాయి. చన్నీళ్ల స్నానం, క్యాలమైన్ లోషన్ మేలు.

ఇంకొకటి, గజ్జి. వేళ్ల సందుల్లో, నడుం దగ్గర రాత్రిళ్లు దురద పెడితే చెమటకాయలని వదిలేయకండి, డాక్టరుకి చూపించండి. పెర్మెత్రిన్ 5 శాతం క్రీము రాస్తారు. మెడ నుంచి పాదాల దాకా రాత్రి పూసి పొద్దున కడగాలి, వారం తర్వాత మరోసారి. గదిలో అందరూ ఒకే రాత్రి పూయకపోతే మళ్లీ తిరిగొస్తుంది. టవలు, దుప్పటి ఎవరికీ ఇవ్వొద్దని ముందే చెప్పండి.

ఆత్మకూరు_అమ్మ:
చాలా మేలు చేశావక్కా. ఊరగాయ పెట్టొచ్చా? ఆదివారం పోయినప్పుడు చేపల పులుసు తీసుకుపోదామనుకుంటున్నాం. నెలసరికి ఏం సర్దాలి?

కావలి_సిస్టరక్క:
చోటు మారితే తేదీ అటూ ఇటూ అవుతుంది. ప్యాడ్లు రెండు ప్యాకెట్లు, పాత పేపర్లు మొదటిరోజే పెట్టెలో ఉండాలి. వాడినవి ఎక్కడ పడేయాలో చేర్చే రోజే వార్డెన్ని అడిగి పాపకి చూపించండి.

పెన్నగట్టు:
ఊరగాయ పావుకిలో, బిగుతు మూత ప్లాస్టిక్ డబ్బాలో. స్టీలు వద్దు, పులుపుకి మూత పట్టేస్తుంది. నూనె కారితే పుస్తకాలు పాడు, చీమలు బోనస్! పులుసు మర్నాటికే రుచి అంటాం గానీ ఫ్రిజ్ లేని గదిలో మే నెలలో ఆ మాట చెల్లదు. అక్కడే కూర్చోబెట్టి తినిపించి, గిన్నె వెనక్కి తెచ్చేయండి. వేరుశనగ ఉండలు, మురుకులైతే వారం ఆగుతాయి.

లెక్కల_మాస్టారు:
గైడ్లన్నీ మొయ్యొద్దు. పాఠ్యపుస్తకాలు, సబ్జెక్టుకో 200 పేజీల నోటుబుక్కు, పరీక్షల్లో తప్పు చేసిన లెక్కలకి విడిగా ఇంకోటి. అందులో తప్పు పోయిన మెట్టు దగ్గర ఎర్ర ఇంకుతో గీత, పక్కన కారణం ఒక్క వాక్యం: గుర్తు మర్చిపోయిందా, సూత్రమే తెలియదా. మూడు రోజుల తర్వాత అదే లెక్క చూడకుండా చెయ్యాలి.

మొదటి వారం పరీక్షలో మార్కులు పడితే కంగారు పడకండి, నిద్ర కుదరక. మూడో నాలుగో రోజు ఇంటికొస్తానని ఏడుస్తుంది. అప్పుడే పరుగెత్తుకుపోవద్దమ్మా, మొదటి ఆదివారం దాకా ఆగండి. జ్వరమో, నీళ్ల విరేచనాలో అయితే మాత్రం ఆదివారం కోసం చూడొద్దు.