అప్‌డేట్: లాన్ తీసేశాక ఏడాది

హైదరాబాద్‌లో 600 చదరపు అడుగుల లాన్‌కి బదులు నీళ్లు తక్కువ తాగే మొక్కలు ఎలా వేయాలని అడిగాను కదా, ఇదీ ఫలితం.

గడ్డిని చంపడానికి ఏప్రిల్, మే నెలల్లో నేల బాగా తడిపి, పారదర్శక ప్లాస్టిక్ షీటు పరిచి, అంచులు మట్టితో మూసి ఆరు వారాలు ఉంచాలి. నల్ల షీటు కింద నేల అంత వేడెక్కదు. పైపైన గరిక చచ్చింది గానీ తుంగ చావలేదు. దాని గడ్డలు లోతుగా ఉంటాయి. పారతో తవ్వి ఏరాల్సి వచ్చింది. రోటవేటర్ (నేలను దున్ని పిండి చేసే యంత్రం) మాత్రం వద్దు. ముక్కలైన ప్రతి గరిక కణుపూ మళ్లీ మొలుస్తుంది.

జూన్ చివర, మంచి వాన పడ్డాక 40 మొక్కలు: వెనక కాగితం పూలు, తంగేడు, మధ్యలో బిళ్ళగన్నేరు, కలబంద, అంచున నాచు పూలు. గన్నేరు విషం, పిల్లలున్న ఇంట్లో వద్దనుకున్నాం.

డ్రిప్: 16 ఎంఎం పైపు, మొక్కకో గంటకు 4 లీటర్లు వదిలే డ్రిప్పర్, వారానికి రెండుసార్లు గంటన్నర. అంటే తడవకు 240 లీటర్లు. లాన్‌కి ఎండాకాలంలో రోజుకే దాదాపు 280 పట్టేవి. బోరు నీళ్లకు ఫిల్టర్ తప్పనిసరి, లేకపోతే డ్రిప్పర్లు పూడిపోతాయి.

మల్చింగ్‌కి (తేమ ఆరకుండా నేలను కప్పడానికి) ఎండుటాకులు 3 అంగుళాల మందం, మొత్తం 150 ఘనపుటడుగులు. కాండానికి నాలుగు వేళ్ల దూరం వదలాలి. ఆనించిన చోట రెండు కలబందలు కుళ్లాయి. తంగేడుకి మొదటి ఏడాది నీళ్లు కావాలి. ఆ తర్వాత వానే చాలు.