విశాఖ ఎత్తుపల్లాలకు ఎలక్ట్రిక్ మౌంటెన్ బైక్: హబ్ మోటారా, మిడ్ డ్రైవా, గేర్లు ఎలా ఉండాలి?

మధురవాడ వాసి:

అందరికీ నమస్కారం. మధురవాడ నుంచి సిరిపురంలోని మా కార్యాలయానికి రోజూ ఎలక్ట్రిక్ సైకిలు మీద వెళ్ళిరావాలని అనుకుంటున్నాను. రానుపోను పాతిక, ముప్పై కిలోమీటర్ల మధ్య ఉంటుంది. ఎండాడ దగ్గరి ఎత్తు, హనుమంతవాక ప్రాంతంలోని ఎగుడుదిగుళ్ళు విశాఖవాసులకు తెలిసినవే. ఆదివారాలు కైలాసగిరి ఘాట్ రోడ్డు కూడా ఎక్కాలని ఉంది. నా బరువు 78 కిలోలు. వీపున ల్యాప్‌టాప్ సంచి తప్పదు.

ప్రస్తుతం రెండు సైకిళ్ళ మధ్య ఊగిసలాడుతున్నాను. మొదటిదానికి వెనక చక్రపు హబ్‌లో 250 వాట్ల మోటారు, 36 వోల్టుల 10 ఆంపియర్-అవర్ బ్యాటరీ, ముందు పెడళ్ళ దగ్గర 42 పళ్ళ చైన్‌రింగు ఒక్కటే, వెనక 14 నుంచి 28 పళ్ళ దాకా ఏడు గేర్ల ఫ్రీవీల్ (పళ్ళచక్రాల గుత్తి) ఉన్నాయి. రెండోది మిడ్ డ్రైవ్, అంటే మోటారు పెడళ్ళ ఇరుసు దగ్గర ఉండేది. ముందు 34 పళ్ళు, వెనక 11 నుంచి 42 దాకా తొమ్మిది గేర్ల క్యాసెట్ (ఇదీ పళ్ళచక్రాల గుత్తే). దీని ధర మొదటిదానికి రెట్టింపు పైమాటే. దుకాణదారు ఇరవై ఒక్క గేర్ల సైకిలు మరొకటి చూపించి, గేర్లు ఎంత ఎక్కువుంటే కొండ అంత సులువని చెప్పారు. అది ఎంతవరకు నిజం? నా అవసరానికి ఏది తగినదో అనుభవజ్ఞులు చెప్పగలరు.

పళ్ళ లెక్క:

గేర్ల సంఖ్యను పక్కన పెట్టి, ముందున్న అతి చిన్న చైన్‌రింగుకు, వెనకున్న అతి పెద్ద పళ్ళచక్రానికి మధ్య నిష్పత్తి చూడండి. కొండ మీద పనికొచ్చేది ఆ ఒక్క అంకే. 27.5 అంగుళాల చక్రానికి 2.1 టైరు వేస్తే చుట్టుకొలత సుమారు 2.15 మీటర్లు. మీ మొదటి సైకిలులో 42ను 28తో భాగిస్తే 1.5 వస్తుంది, అంటే పెడల్ ఒక్క చుట్టు తిరిగితే సైకిలు 3.2 మీటర్లు కదులుతుంది. నిమిషానికి 60 చుట్లు తొక్కితే గంటకు 11.6 కిలోమీటర్లు. మీరు, సైకిలు, సంచి కలిపి 108 కిలోలనుకుంటే, నూటికి ఎనిమిది వాలున్న రోడ్డు మీద ఆ వేగంతో వెళ్ళడానికి 300 వాట్లు దాటి కావాలి. అందులో మీ కాళ్ళు వంద ఇచ్చినా మిగిలిన రెండు వందలు మోటారే మోయాలి.

కాగితం మీద ఇది సరిపోయినట్టే కనిపిస్తుంది. చిక్కు ఎక్కడ వస్తుందంటే, హబ్ మోటారుకు మీ గేర్లతో ఏ సంబంధమూ లేదు. అది చక్రాన్ని నేరుగా తిప్పుతుంది కాబట్టి చక్రం నెమ్మదిస్తే మోటారు కూడా నెమ్మదిస్తుంది. మీరు అలసిపోయి వేగం గంటకు ఏడెనిమిది కిలోమీటర్లకు పడితే, బ్యాటరీ నుంచి వచ్చే కరెంటులో పెద్ద భాగం చక్రాన్ని తిప్పకుండా మోటారు చుట్టలను వేడెక్కించడానికే ఖర్చవుతుంది. చిన్న గేరు వేస్తే మీ కాళ్ళకు ఊరట దొరుకుతుంది గాని మోటారుకు దొరకదు. మిడ్ డ్రైవ్‌లో మోటారు శక్తి కూడా చైను మీదుగానే వెళ్తుంది కనుక, మీరు గేరు తగ్గించినప్పుడు మోటారు కూడా తనకు అనువైన వేగంలోనే తిరుగుతుంది. 34కు 42 అంటే నిష్పత్తి 0.81, నిమిషానికి 60 చుట్లతో గంటకు ఆరు కిలోమీటర్ల పైచిలుకు వేగంతో నిదానంగా ఎక్కవచ్చు. ధరలోని తేడాకు అసలు కారణం ఇదే.

పెద్ద గేర్ల సంగతి రెండు ముక్కల్లో చెబుతాను. 1989 నాటి కేంద్ర మోటారు వాహన నియమాల ప్రకారం మోటారు శక్తి 250 వాట్ల లోపు, వేగం గంటకు 25 కిలోమీటర్ల లోపు ఉంటేనే రిజిస్ట్రేషన్, లైసెన్సు అక్కరలేదు. ఆ వేగం దగ్గర మోటారు సాయం ఆగిపోతుంది. మీ రెండు సైకిళ్ళలోనూ అతి పెద్ద గేరులో నిమిషానికి 65 చుట్లు తొక్కితే ఆ వేగం వచ్చేస్తుంది, కాబట్టి అంతకన్నా పెద్ద గేరు కోసం డబ్బు పెట్టనక్కరలేదు. దుకాణదారు చూపిన ఇరవై ఒక్క గేర్ల సైకిలుకు ముందు చిన్న చైన్‌రింగు 24 పళ్ళదైతే కాళ్ళకు నిజంగానే సులువుగా ఉంటుంది, అంతవరకు ఆయన మాట తప్పు కాదు. అయితే ఆ ఇరవై ఒకటిలో చాలా గేర్లు ఒకదానితో మరొకటి కలిసిపోతాయి. పైగా సర్దుకోవలసిన డిరెయిలర్ (చైనును ఒక పళ్ళచక్రం మీంచి మరోదాని మీదికి జరిపే భాగం) ముందు కూడా ఒకటి చేరుతుంది.

ఘాట్ రోడ్డు బాటసారి:

పై లెక్కతో నేను ఏకీభవిస్తున్నాను, కానీ కైలాసగిరిని చూసి మిడ్ డ్రైవ్ కొనాలనుకుంటే కొంచెం ఆగండి. ఆ కొండ ఎత్తు 173 మీటర్లు. 108 కిలోలను అంత ఎత్తుకు చేర్చడానికి కావలసిన శక్తి దాదాపు 51 వాట్-అవర్లు మాత్రమే, మీ బ్యాటరీలో ఉండేది 360. మోటారులోని నష్టాలు కలుపుకున్నా, అందులో మీ కాళ్ళ వాటా తీసేస్తే, కొండ వల్ల బ్యాటరీ అయిపోదు. దాన్ని నిజంగా తినేసేది రోజూ జాతీయ రహదారి మీద ఎదురుగాలిలో అత్యధిక సాయంతో వెళ్ళడమే. కార్యాలయంలో చార్జింగ్‌కు అవకాశముందేమో ముందే కనుక్కోండి.

గేర్లకన్నా నేను ముందు చూసేది సెన్సారు. తక్కువ ధర సైకిళ్ళలో పెడల్ తిరుగుతున్నదా లేదా అని మాత్రమే చూసే కేడెన్స్ సెన్సారు ఉంటుంది. మీరు ఎంత బలంగా తొక్కుతున్నారో దానికి తెలియదు. సిగ్నలు దగ్గర ఎత్తు మీద ఆగి బయలుదేరేటప్పుడు పెడల్ కొంత తిరిగితేగాని మోటారు అందుకోదు, ఆ కాసేపు బరువంతా మోకాలి మీదే. టార్క్ సెన్సారు ఉంటే కాలు నొక్కగానే సాయం మొదలవుతుంది.

బీచ్ రోడ్ మెకానిక్:

మరమ్మతు కోణం నుంచి కొన్ని మాటలు. మిడ్ డ్రైవ్‌లో మీ బలమూ మోటారు బలమూ ఒకే చైను మీద పడతాయి కాబట్టి చైను, క్యాసెట్ మామూలు సైకిలుకన్నా త్వరగా అరుగుతాయి. తొమ్మిది గేర్ల చైను సాగుడు గేజి మీద 0.75 శాతం చేరగానే చైను మార్చేస్తే క్యాసెట్ బతుకుతుంది, అశ్రద్ధ చేస్తే రెండూ మార్చాలి. గేరు మార్చే క్షణంలో కాలి ఒత్తిడి తగ్గించడం అలవాటు చేసుకోవాలి. ఎత్తు మధ్యలో పూర్తి బలంతో తొక్కుతూ లివరు నొక్కితే చైను ఫటేల్మని అరుస్తుంది, ఒక్కోసారి తెగుతుంది కూడా.

హబ్ మోటారుకు ఆ బాధ తక్కువ, కానీ వెనక టైరు పంక్చరయితే ముందు మోటారు కేబుల్ కనెక్టరు ఊడదీసి, ఆ తర్వాత ఇరుసు నట్లు విప్పాలి. అవి చాలా సైకిళ్ళకు 18 లేదా 19 మిల్లీమీటర్ల సైజు. తగిన స్పానర్ సంచిలో లేకపోతే నడిచి రావలసిందే. సముద్రపు ఉప్పుగాలికి ఆ కనెక్టరు పిన్నులు పచ్చబడతాయి, అప్పుడప్పుడు ఊడదీసి శుభ్రం చేయించండి. ఇక కైలాసగిరి దిగేటప్పుడు వంద కిలోలకు పైబడిన బరువును ఆపవలసింది బ్రేకులే కాబట్టి హైడ్రాలిక్ డిస్కులు ఉన్నవాటికే నా ఓటు. రోజువారీ ప్రయాణం తారు రోడ్డే కనుక గుబ్బల టైర్ల బదులు నున్నటివి వేయించుకుంటే రొదా తగ్గుతుంది, శ్రమా తగ్గుతుంది.

మధురవాడ వాసి:

అందరికీ ధన్యవాదాలు. కార్యాలయంలో చార్జింగ్‌కు అనుమతి ఉంది. అలాగైతే హబ్ మోటారున్న సైకిలే తీసుకుని, వెనక ఫ్రీవీల్ 14–34కు మార్పించుకుంటే సరిపోతుందా?

పళ్ళ లెక్క:

మీ దారికి సరిపోతుంది. అతి చిన్న గేరు 9.6 కిలోమీటర్ల వేగానికి దిగుతుంది, ఎండాడ ఎత్తుకు అది చాలు. అయితే మూడు సంగతులు కొనేముందే తేల్చుకోండి. వెనక డిరెయిలర్ 34 పళ్ళను అందుకోగలదో లేదో చూడండి. కొన్ని 28 దగ్గరే ఆగిపోతాయి. పెద్ద పళ్ళచక్రానికి చైను పొడవు చాలదు, కొత్తది వేయాలి. ముందు చైన్‌రింగు క్రాంకుకు (పెడల్ కడ్డీకి) బోల్టులతో బిగించారో, రివెట్లు కొట్టారో గమనించండి. రివెట్లయితే రేపు 42కు బదులు 36 వేయాలనుకున్నప్పుడు క్రాంకు సెట్టు మొత్తం మార్చవలసి వస్తుంది. ఈ మార్పులన్నీ సైకిలు అప్పగించేముందే చేసిమ్మని దుకాణంలో అడగండి, వారంటీ రద్దు కాదని కాగితం మీద రాయించుకోండి. అనంతగిరి ఘాట్ లాంటి పొడవైన ఎత్తులకు తరచు వెళ్ళే ఆలోచన ఉంటే మాత్రం మిడ్ డ్రైవ్ కోసం ఇంకొన్నాళ్ళు డబ్బు కూడబెట్టుకోవడమే మేలు.